పిక్కలు పట్టేస్తే పొటాషియమేనా?

"ఈమధ్య ఊరికే నీరసం వస్తోంది, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి" అని ఎవరైనా అంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్లందరూ డాక్టర్లయిపోతారు. "పొటాషియం తగ్గుంటుందండీ, సప్లిమెంట్ మొదలుపెట్టండి, నాకు వారంలోనే తేడా తెలిసింది." ఆ మనిషి వయసెంత, బీపీకి ఏం వేసుకుంటున్నారు, కిడ్నీలు ఎలా ఉన్నాయి అని అడిగేవాళ్లు ఒక్కరూ కనపడరు. ఇదే సలహా విటమిన్ సి గురించి ఇస్తే పోనీలే అని ఊరుకుంటాను. పొటాషియం అనేసరికి మాత్రం నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఇది ఎక్కువైతే దెబ్బ తగిలేది గుండెకి.

పొటాషియం మీద నాకు పగేం లేదు. నిజానికి మనలో చాలామంది తినాల్సినంత తినడం లేదు. పెద్దవాళ్లకి రోజుకి కనీసం 3,510 మిల్లీగ్రాముల పొటాషియం తిండి నుంచి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. సోడియం ఒంట్లోంచి బయటికి పోవడానికి అది సాయం చేస్తుంది, రక్తనాళాలు కాస్త సడలుతాయి, బీపీ దిగుతుంది. ముఖ్యంగా ఉప్పు ఎక్కువ తినేవాళ్లలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. చైనాలో 600 ఊళ్లలో సుమారు 21 వేల మంది మీద దాదాపు అయిదేళ్ల పాటు ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సగం ఊళ్లవాళ్లు మామూలు ఉప్పే వాడారు, మిగతా సగానికి పావు వంతు పొటాషియం క్లోరైడ్ (పొటాషియం ఉండే ఒక లవణం) కలిపిన ఉప్పు ఇచ్చారు. 2021లో ఫలితాలు వచ్చాయి: కలిపిన ఉప్పు వాడిన ఊళ్లలో పక్షవాతం 14 శాతం తక్కువ. చిన్న విషయం కాదు. అయితే ఈ వార్తని అందరికీ ఫార్వర్డ్ చేసినవాళ్లు ఒక ముక్క వదిలేశారు. తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లనీ, పొటాషియం సప్లిమెంట్లు గానీ పొటాషియంని ఒంట్లోనే ఆపే రకం నీరు తీసే మందులు గానీ వాడేవాళ్లనీ ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఒంట్లో ఉన్న పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. లోపల లీటరుకి 140 మిల్లీ ఈక్వివలెంట్ల (ల్యాబ్ రిపోర్టుల్లో వాడే కొలత) దాకా ఉంటే, బయట రక్తంలో 4 చుట్టుపక్కల మాత్రమే. ప్రతి కణం గోడలోనూ ఒక పంపు సోడియంని బయటికి నెడుతూ, పొటాషియంని లోపలికి లాగుతూ ఈ తేడాని నిలబెడుతుంది.  నరంలో సంకేతం నడవడం, కండరం బిగియడం, గుండె లయ తప్పకుండా కొట్టుకోవడం, అన్నీ ఈ తేడా మీదే ఆధారపడ్డాయి. రక్తంలో ఉండాల్సింది 3.5 నుంచి 5 దాకా. 6.5 దాటితే ఎమర్జెన్సీ. 2.5 కంటే తగ్గినా ఎమర్జెన్సీయే. ఇంత ఇరుకు సందులో ఉండాల్సిన అంకెని ఫోన్‌లో సలహాలు చదివి ఎలా సరిచేస్తాం?

ఇక్కడే అసలు తిరకాసు ఉంది. పొటాషియం తగ్గితే నీరసం, కండరాల్లో బలం లేకపోవడం, గుండె దడ. పెరిగితే? నీరసం, కండరాల్లో బలం లేకపోవడం, గుండె దడ. ఒక్కోసారి పెరిగినా ఏ లక్షణమూ ఉండదు, నేరుగా ఈసీజీలోనే తేడా బయటపడుతుంది. ఒంట్లో ఎలా అనిపిస్తోందో చూసి తగ్గిందో పెరిగిందో తేల్చడం ఎవరి తరమూ కాదు. రక్తపరీక్ష తప్ప దారి లేదు. ఇక పిక్కల సంగతా? రక్తంలో పొటాషియం మామూలుగా ఉన్నవాళ్లకి రాత్రిపూట పట్టే పిక్కలు పొటాషియం బిళ్లలతో తగ్గుతాయనడానికి గట్టి ఆధారం ఏదీ లేదు. అవి వాటంతటవే వచ్చి వాటంతటవే పోతుంటాయి. ఆ సమయానికి ఏ బిళ్ల వేసుకుంటే పేరు దానికొస్తుంది.

సప్లిమెంట్ డబ్బా ఎప్పుడైనా తిప్పి చూశారా? అమెరికాలో అమ్మే వాటిలో చాలావాటి మీద బిళ్లకి 99 మిల్లీగ్రాములు అని ఉంటుంది. 100 కూడా కాదు, సరిగ్గా 99. దీని వెనక కథ ఉంది. 1960లలో పైపూత వేసిన పొటాషియం క్లోరైడ్ బిళ్లలు పేగులో ఒకేచోట కరిగి, అక్కడ పుండ్లు పడి, పేగు ముడుచుకుపోయిన కేసులు బయటపడ్డాయి. ఆ తర్వాత 99 మిల్లీగ్రాములకి మించి పొటాషియం ఉండే కొన్ని నోటి మందుల మీద హెచ్చరిక ఉండాలని అక్కడి ప్రభుత్వం అంది. సప్లిమెంట్ కంపెనీలు 99 దగ్గరే ఆగిపోయాయి. ఇప్పుడు లెక్క వేయండి. ఓ మోస్తరు అరటిపండులో 400 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. అంటే ఆ బిళ్ల నాలుగోవంతు అరటిపండు కూడా కాదు. ఆరోగ్యంగా ఉన్నవాడికి దాంతో ఒరిగేదేమీ లేదు. పనిచేసేంత మోతాదుకి వెళ్లాలంటే డాక్టర్ చూపు లేకుండా వెళ్లకూడదు. మరి డబ్బులు ఎందుకు తగలేస్తున్నట్టు?

మోతాదు దగ్గర ఇంకో గందరగోళం. డాక్టర్ రాసే 600 మిల్లీగ్రాముల బిళ్ల చూసి "అమ్మో 600" అనుకుంటారు. ఆ 600 పొటాషియం క్లోరైడ్ బరువు. అందులో అసలు పొటాషియం 313 మిల్లీగ్రాములు, అంటే 8 మిల్లీ ఈక్వివలెంట్లు. కొన్ని పొడుల మీదేమో అసలు పొటాషియం ఎంతో రాస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేసి, తక్కువ వేసుకుంటున్నామనుకుని ఎక్కువ వేసుకునేవాళ్లు ఉన్నారు.

కిడ్నీలు బాగుంటే ఎక్కువైన పొటాషియంలో చాలా భాగాన్ని అవే గంటల్లో బయటికి పంపేస్తాయి. తిండి నుంచి వచ్చేది నెమ్మదిగా వస్తుంది కాబట్టి వాటికి టైమ్ దొరుకుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి, ఏళ్ల తరబడి షుగర్ ఉండి కిడ్నీ పనితీరు తగ్గిందని తెలియనివాళ్లకి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. దానికి తోడు మందులు. రామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి బీపీ మందులు పొటాషియంని ఒంట్లోనే ఆపుతాయి. స్పైరోనోలాక్టోన్ అయితే ఇంకా గట్టిగా ఆపుతుంది. మోకాళ్ల నొప్పులకి రోజూ మింగే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఈ జాబితాలోవే. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే ట్రైమెథోప్రిమ్ కూడా. ఇవన్నీ మంచి మందులే. వాటి పక్కన చెప్పకుండా పొటాషియం వచ్చి చేరితేనే పేచీ.

మా పిన్నికి గుండె బలహీనంగా ఉందని రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ రెండూ రాశారు. ఉప్పు తగ్గించమన్నారు కదా అని మా తమ్ముడు ప్రేమగా సోడియం తక్కువుండే ఉప్పు ప్యాకెట్ తెచ్చాడు. ఇలాంటి ఉప్పులో తగ్గించిన సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారని ఎవరికీ తట్టలేదు. మామూలుగా చేయించే రక్తపరీక్షలో పొటాషియం 5.9 వచ్చింది. ఏమేం మందులు వాడుతున్నారని డాక్టర్ గుచ్చి గుచ్చి అడిగినా ఉప్పు సంగతి బయటికి రాలేదు. నేను వంటింట్లో ప్యాకెట్ చూసి అడిగితే, "ఉప్పే కదక్కా, మందేం కాదుగా" అన్నాడు. ప్యాకెట్ వెనక అంటించిన మడత కింద, భూతద్దం పెడితే గానీ కనపడని అక్షరాల్లో, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి వాడాలని ఉంది. బీపీ మందుల ఊసే లేదు. పావు వంతు పొటాషియం క్లోరైడ్ ఉండే ఉప్పు 5 గ్రాములు తింటే 650 మిల్లీగ్రాముల పొటాషియం లోపలికి వెళ్తుంది. డాక్టర్ రాసే 600 బిళ్లలు రెండు వేసుకున్నట్టు! ఆ ఉప్పు మానేశాక పిన్ని రిపోర్ట్ దారికొచ్చింది. సప్లిమెంట్ అంటే డబ్బాలో బిళ్లలే అనుకోకండి. ఈ ఉప్పులూ, జిమ్ వాళ్లు కలుపుకునే ఎలక్ట్రోలైట్ పొడులూ అదే లెక్కలోకి వస్తాయి.

అలాగని డాక్టర్ రాసిన పొటాషియం భయపడి మానేస్తే అదింకా తప్పు. ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటివి వాడేవాళ్లకి మూత్రంలో పొటాషియం కారిపోతూనే ఉంటుంది. విపరీతంగా వాంతులు, విరేచనాలు అయినప్పుడూ అంతే. అలాంటప్పుడు ఆ బిళ్లో సిరప్పో గుండెని కాపాడుతుంది. కొన్నిసార్లు ఎంత ఇచ్చినా అంకె పెరగదు. అప్పుడు మెగ్నీషియం కూడా తగ్గిందేమో చూస్తారు, అది సరిచేస్తే గానీ పొటాషియం నిలవదు. కొన్ని రకాల కిడ్నీ రాళ్లకి ఇచ్చే పొటాషియం సిట్రేట్ సంగతి వేరు, అది మూత్రంలో ఆమ్లం తగ్గించి రాళ్లు కట్టకుండా చూడటానికి.

వేసుకునే పద్ధతి కూడా ముఖ్యం. నెమ్మదిగా కరిగే బిళ్లని నలగ్గొట్టకూడదు, నమలకూడదు. తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో మింగి, వెంటనే నడుం వాల్చకుండా కాసేపు కూర్చోవాలి, లేకపోతే అన్నవాహికలోనే ఇరుక్కుని పుండు చేస్తుంది. కొన్ని బిళ్లల ఖాళీ పెంకు మలంలో అలాగే కనిపిస్తుంది. మందు పనిచేయలేదని టెన్షన్ పడి ఇంకోటి వేసుకోకండి, లోపలి మందు అప్పటికే ఒంటికి అంది ఉంటుంది.

రిపోర్ట్ ఒక్కోసారి అబద్ధం కూడా చెబుతుంది. చేతికి పట్టీ బిగించి, పిడికిలి తెరుస్తూ మూస్తూ ఉండమంటే, లేదా రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే, లోపలి పొటాషియం బయటికొచ్చి అంకె ఎక్కువ చూపిస్తుంది. రిపోర్ట్ అడుగున హీమోలైజ్డ్ (అంటే ఎర్రకణాలు పగిలాయని) అని ఉందేమో చూసుకోండి, ఉంటే మళ్లీ తీయమంటారు. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, నేను పైన చెప్పిన మందులు వాడేవాళ్లు "తప్పుడు రిపోర్టేలే" అని ఇంట్లో కూర్చోవద్దు. ఆరోజే వెళ్లి మళ్లీ రక్తం ఇచ్చి, ఈసీజీ తీయించుకోండి. వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ ఉప్పు ప్యాకెట్టూ, ఆ పొడి డబ్బా కూడా సంచీలో వేసుకోండి.