పాత నూనెకు కొత్త రేటా?

వంటనూనెల ప్రాథమిక దిగుమతి సుంకాన్ని కేంద్రం 2024 సెప్టెంబర్ 14 నుంచి పెంచింది. ముడి నూనెపై సున్నా నుంచి 20 శాతానికి, రిఫైన్డ్‌పై 12.5 నుంచి 32.5 శాతానికి. ఆ కబురు టీవీలో వచ్చిందో లేదో, గోదావరి జిల్లాల కిరాణా కొట్లలో లీటరు ప్యాకెట్ పదిహేను, ఇరవై రూపాయలు పెరిగిపోయింది. కొత్త సుంకం పడేది ఆ తేదీ నుంచి రేవులో దిగే సరుకు మీద. అప్పటికే కొట్లో, గోడౌన్‌లో ఉన్నదంతా పాత సుంకంతో వచ్చిన నూనె. అలాంటి నిల్వలు దేశంలో దాదాపు 30 లక్షల టన్నులున్నాయని, 45 నుంచి 50 రోజులకు సరిపోతాయని, అవి అయ్యేదాకా ధర పెంచవద్దని కేంద్ర ఆహార శాఖే చెప్పింది. ఎవరు విన్నారు?

మళ్లీ సరుకు తేవాలంటే కొత్త రేటు కట్టాలి కదా అంటున్నారు వ్యాపారులు. సరే. మరి రేటు తగ్గినప్పుడు ఇదే కొట్టుకు వెళ్లి అడిగితే ఏమంటారు? ‘ఇది పాత స్టాకండీ, అయ్యాక తగ్గిస్తాం’. తగ్గినప్పుడు గుర్తొచ్చే పాత స్టాకు పెరిగినప్పుడు ఏమైపోతుంది?

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడూ ఇదే తంతు. అరల్లో ఉన్న పాత ప్యాకెట్లనే కొత్త ధరకు అంటగట్టారు. నాలుగు రోజులు తనిఖీల హడావిడి, ఆపైన అందరూ మరిచిపోయారు. అప్పుడు చెల్లింది కాబట్టే ఇప్పుడూ చేస్తున్నారు. ఇప్పుడు చెల్లితే రేపు పప్పుకూ ఇంతే, బియ్యానికీ ఇంతే.

వాట్సాప్ మెసేజ్ చూసి రెండేసి టిన్నులు మోసుకెళ్తున్నవారికీ ఒక మాట. వరదకు దారులు మునిగే లంక ఊళ్లవాళ్లు ముందే సరుకులు తెచ్చి పెట్టుకుంటారు, అది అవసరం. ముడి నూనె ఓడలు మన కాకినాడకే వస్తుంటే పట్టణాల్లో ఈ ఆరాటం దేనికి? మీరు ఎగబడేకొద్దీ ఎంత పెంచినా కొంటారన్న ధీమా వ్యాపారికి పెరుగుతుంది. ఆ దెబ్బ కూలి డబ్బులు చేతికొచ్చిన సాయంత్రం అర లీటరు కొనుక్కునే ఇంటి మీద పడుతుంది.

సుంకం పెంపును మేం తప్పుపట్టడం లేదు. బయటి నూనె ప్రియమై, ఏలూరు జిల్లా మెట్టలో పామాయిల్ గెలలు పండించే రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తే సంతోషమే. కానీ పాత స్టాకు మీద గుంజిన ఈ ఇరవైలో ఆ రైతుకు పైసా చేరదు.

ఎంఆర్‌పీ దాటలేదు కదా అని అధికారులు తప్పించుకోవద్దు. ప్యాకెట్ మీద ముద్రించిన ధర మామూలుగా అమ్మే రేటు కంటే ఎక్కువే ఉంటుంది, ఆ సందులోనే ఈ దోపిడీ జరుగుతోంది. గోడౌన్ల స్టాకు రిజిస్టర్లు తెరిస్తే 14వ తేదీకి ముందు వచ్చిన సరుకెంతో తేలిపోతుంది. జాయింట్ కలెక్టర్లు ఆ పని దసరా లోపే చేయాలి. పిండివంటలకు జనం కొనాల్సిందంతా కొన్నాక చేసే తనిఖీలు ఎవరి కోసం?