ఆ కుక్కను కట్టేసిన తండ్రి విలనా?

‘ది కేవ్ ఆఫ్ ది ఎల్లో డాగ్’ అనే మంగోలియా సినిమా (2005) మీద ఒక పోస్టు తెగ తిరుగుతోంది. అందులో సంచార గొర్రెల కాపరి అయిన తండ్రికి జాలి లేదట, కూతురు ముద్దుగా తెచ్చుకున్న కుక్కను గుంజకు కట్టేసి వలస పోయాడట. ఆ కాపర్లకు జంతువంటే మాంసం, తోలేనట. ఇది నటనే లేని డాక్యుమెంటరీ అట. చివర్లో మళ్ళీ, నాగరికత సోకని స్వచ్ఛమైన బతుకు అంటూ మెచ్చుకోలు! జాలి లేనివాళ్ళూ వాళ్ళే, స్వచ్ఛమైనవాళ్ళూ వాళ్ళే.

ముందు తండ్రి సంగతి. ఆరేళ్ళ పాపకు జొచొర్ అనే ఆ కుక్క దొరికింది ఒక గుహలో. అప్పటికే తోడేళ్ళు మందలో పడి గొర్రెల్ని చంపాయి. వాటి తోళ్ళు అమ్మడానికే ఆయన పట్నం వెళ్తాడు. కుక్క తోడేళ్ళతో తిరిగి ఉంటుంది, దాని వెంటే అవి గుడారం దాకా వస్తాయన్నది ఆయన టెన్షన్. దీన్ని మొండితనం అనలేం. 1999 నుంచి వరసగా వచ్చిన ‘జుద్’ల్లో, అంటే గడ్డి మీద మంచు పేరుకుని పశువులు మేత లేక చచ్చిపోయే చలికాలాల్లో, 3.3 కోట్ల మంగోలియా పశువులు 2002కల్లా 2.4 కోట్లకు పడిపోయాయి. మంద పోయినవాళ్ళు ఎందరో పట్నం దారి పట్టారు. అలా పోయేవాళ్ళు వదిలేసిన కుక్కలు తోడేళ్ళలో కలుస్తున్నాయన్న మాట సినిమాలోనే వస్తుంది. పోస్టు రాసినాయన అది విన్నట్టు లేదు.

తోలు, మాంసమేనా? సినిమా మొదలయ్యేదే చచ్చిపోయిన కుక్కను సాగనంపడంతో. దాని తోకను తల కింద పెడతారు, వచ్చే జన్మలో తోకకు బదులు జడతో, మనిషిగా పుట్టాలని.

డాక్యుమెంటరీ కూడా కాదు. కుటుంబం నిజం, గుడారం నిజం, కథ మాత్రం కల్పించింది, స్క్రిప్టు దర్శకురాలు బ్యాంబసురెన్ దవా రాసుకున్నదే. జొచొర్‌గా చేసిన కుక్కకు కేన్స్ చిత్రోత్సవంలో, కుక్కల నటనకిచ్చే ‘పామ్ డాగ్’ అవార్డు కూడా వచ్చింది!

ఇక నాగరికత సోకకపోవడం. పాప పట్నం బడి నుంచి సెలవులకు ఇల్లు చేరినప్పుడే అసలు కథ మొదలవుతుంది. తండ్రి తెచ్చిన ప్లాస్టిక్ గరిటె వేడి గిన్నెలో కరిగిపోతుంది. చివర్లో, వలస బండ్లు కదులుతుంటే, ఓటు వేయమని మైకులో అరుస్తూ ఒక వ్యాను పక్కనుంచే వెళ్తుంది. అప్పటికి జొచొర్ కూడా వాళ్ళతోనే ఉంది. రాబందుల మధ్యకు వెళ్ళబోయిన ఆ ఇంటి పసివాణ్ణి కాపాడిందని, దాన్ని వెంట తీసుకుపోయింది ఆ ‘జాలి లేని’ తండ్రే.