అంతరిక్ష ధూళి గారికి, అడ్డు తొలగమని విన్నపం

ధూళి గారూ,

ఈ ఉత్తరం మీకు చేరేలోపు మీలో కొందరు సూర్యుడి వైపు ఇంకాస్త జారిపోయి ఉంటారు. సూర్యకాంతి తగిలి తగిలి వేగం తగ్గడం, చుట్లు తిరుగుతూ లోపలికి పడిపోవడం మీ చిన్న రేణువుల తలరాత. అలాగైనా ఏదో ఒక రోజు ఖాళీ చేస్తారని ఆశపడితే, తోకచుక్కలూ గ్రహశకలాలూ ఎప్పటికప్పుడు కొత్త సరుకు దించుతూనే ఉన్నాయి. రిటైర్మెంట్లు జరుగుతున్నాయి గానీ పోస్టు మాత్రం ఖాళీ కావడం లేదు.

అసలు మాకు కావలసింది మీరు కాదు. తొలినాటి నుంచి గెలాక్సీలన్నీ వెదజల్లిన కాంతి కలిసిపోయి, ఆకాశమంతా మసగ్గా పరుచుకున్న పరారుణ (కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్) వెలుగు కావాలి. దానికి ముందు మీరు రెండు వరసల్లో తిష్ఠ వేశారు. సూర్యుడి చుట్టూ ఉన్న వరస భూమి దగ్గర దాదాపు 280 కెల్విన్ల (సుమారు 7 డిగ్రీల సెల్సియస్) వేడితో 12, 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యాల దగ్గర ధగధగలాడుతుంది. నక్షత్రాల మధ్య ఉన్న వరస 20 కెల్విన్ల చలిలో కూడా ఊరుకోదు, 100 మైక్రాన్లు దాటాక అదీ వెలుగుతుంది. పోనీ అది మీ సొంత వెలుగా అంటే, నక్షత్రాల దగ్గర మింగిందే!

1983లో పరారుణంలో చూసే ఐరాస్ ఉపగ్రహం 100 మైక్రాన్లలో చూస్తే, ఖాళీ అనుకున్న చోట కూడా పింజలు పింజలుగా మీరే. 1989 నవంబరులో కోబీ ఉపగ్రహం ఎగిరింది. అందులోని డర్బీ పరికరం, దాన్ని చల్లగా ఉంచే ద్రవ హీలియం ఉన్నన్నాళ్లూ, అంటే ఓ పది నెలలు, 1.25 నుంచి 240 మైక్రాన్ల దాకా 10 తరంగదైర్ఘ్య పట్టీల్లో ఆకాశాన్ని కొలిచింది. లెక్కలన్నీ తేలి 1998లో ఫలితం వస్తే, దూరపు వెలుగు దొరికిందని ధైర్యంగా చెప్పగలిగింది 140, 240 మైక్రాన్ల దగ్గర మాత్రమే. మిగతా ఎనిమిదీ మీకూ, మన గెలాక్సీ నక్షత్రాలకూ పోయాయి.

మిమ్మల్ని పట్టుకున్న ఉపాయం మాత్రం భలేది. భూమి మీ మేఘంలోనే తిరుగుతుంది. ఆ మేఘం భూకక్ష్యకు కాస్త వాలి ఉంది. అందుకే ఒకే దిక్కు చూసినా నెల నెలకూ వెలుగు మారుతుంది. దూరపు గెలాక్సీలకు మన క్యాలెండర్‌తో పనిలేదు కాబట్టి, ఏడాది పొడవునా హెచ్చుతగ్గులయ్యేదంతా మీదే. అలా మీ నమూనా కట్టారు: పెద్ద మేఘం, కొన్ని ధూళి పట్టీలు, భూకక్ష్య వెంబడి ఒక వలయం, ఆ వలయంలో భూమి వెనకాలే నడిచే ఒక గుంపు. (మా వెంట పడటం ఏమిటండీ?) ఆ నమూనానూ, మన గెలాక్సీ వెలుగునూ మొత్తంలోంచి తీసేస్తే మిగిలింది మాది. ఏనుగు మీద వాలిన ఈగ బరువు తెలియాలని ఏనుగును తూచినట్టే ఉంది.

ఇక్కడే చిక్కు. మీలో కొంత భాగం అన్ని వైపులా సమంగా పరుచుకుని, ఏడాదంతా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే? హెచ్చుతగ్గులు లేవు కాబట్టి ఈ పద్ధతికి అది చిక్కదు. మిగిలిన వెలుగులో కలిసిపోతుంది, మేం దాన్ని గెలాక్సీల ఖాతాలో రాసేస్తాం.

మీకు మేం చేసినంత చాకిరీ ఎవరు చేశారు? మీ వేడి, వాలు, మందం అన్నీ కొలిచాం, ఎందుకంటే మిమ్మల్ని తీసి పారేయడానికి. కొలవకుండా తొందరపడితే ఏమవుతుందో 2014 మార్చిలో దక్షిణ ధ్రువం నుంచి మైక్రోవేవ్‌లో ఆకాశాన్ని చూసే బైసెప్2 టెలిస్కోపు బృందానికి చూపించారు. విశ్వం పుట్టుక నాటి గురుత్వ తరంగాల జాడ దొరికిందని షాంపేన్ కూడా తెరిచారు. ఏడాది తిరక్కుండానే ప్లాంక్ ఉపగ్రహం కొలతలతో కలిపి చూస్తే, మైక్రోవేవ్‌లో ఆ సంకేతానికి మన గెలాక్సీలోని మీ శాఖ వెలుగే చాలని తేలింది. మీరు మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు.

మీకు దూరంగా పోదామంటే న్యూ హొరైజన్స్ వ్యోమనౌక ప్లూటో దాటి వెళ్లి ఆకాశాన్ని కొలిచింది. అయితే అది కొలిచింది మామూలు కాంతిని, పరారుణాన్ని కాదు. 2025 మార్చిలో ఎగిరిన స్పియరెక్స్ అంతరిక్ష టెలిస్కోపు పరారుణంలో 102 రంగుల్లో చూస్తుంది గానీ, తిరిగేది భూమి చుట్టూనే, అంటే మళ్లీ మీ నట్టనడుమే.

కాబట్టి ఖాళీ చేయమని అడగను. ఆ కదలని భాగం మీలో నిజంగానే ఉంటే, ఏడాదికోసారైనా కాస్త కదలండి. ఎటైనా ఫర్వాలేదు, లెక్క మేం చూసుకుంటాం.

ఇట్లు,
మీ మేఘంలోనే కాపురముంటున్న ఒక భూవాసి