చెప్పే హక్కు సరే, ఆపే హక్కు ఏదీ?

ప్రమాదకరమైన పనిని ఆపే హక్కు కొత్త లేబర్ కోడ్‌తో కార్మికుడికి వచ్చేసిందని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. అంత లేదండీ. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో 14వ సెక్షన్ చూడండి. ప్రాణాపాయం ఉందనిపిస్తే యజమానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పొచ్చు. యజమాని కాదంటే విషయం ఇన్‌స్పెక్టర్‌కి పంపాలి, ఆయన మాటే ఫైనల్. మరి ఆ మాట వచ్చేదాకా లోపలే పని చేయాలా, బయట నిలబడొచ్చా? ఆ ముక్క ఆ సెక్షన్‌లో లేదు. 1981 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 155వ ఒప్పందం మాత్రం, సరైన కారణంతో తప్పుకున్నవాడికి రక్షణ ఉండాలని 13వ ఆర్టికల్‌లో సూటిగానే చెబుతుంది.

మా గుంటూరు కోల్డ్ స్టోరేజీలే తీసుకోండి. మిర్చిని చల్లగా ఉంచడానికి పైపుల్లో తిరిగేది అమ్మోనియా. వాల్వ్ దగ్గర కాస్త లీకైనా కళ్లు మండిపోతాయి, గొంతు పట్టేస్తుంది. అప్పుడు భుజం మీది టిక్కీ (మిర్చి బస్తా) దించేసి బయటికి వచ్చేది ముఠా కూలీ, అంటే జట్టుగా బస్తాలు మోసే కూలీ. అతనికి డబ్బులు టిక్కీల లెక్కన. (మన ఆఫీసులో ఏసీ ఆగితే లేచి బయటికొస్తాం, ఎవరూ జీతం కోయరు.) రేపటి నుంచి రావద్దని మేస్త్రి నోటిమాటగా అంటే, తీసేశారని చూపించడానికి కాగితం ఎక్కడిది?

కోడ్‌లో చేర్చాల్సింది పెద్దగా ఏమీ లేదు. తప్పుకున్న పూట కూలి కోయకూడదు. ఆ తర్వాత పని పోతే, కారణం అది కాదని రుజువు చేసుకోవాల్సింది యజమానే కావాలి.