నెయ్యి గరిటె సిద్ధాంతం

మా బాబాయిగారు కొలెస్ట్రాల్‌ని రద్దు చేసేశారు. మొన్న పెళ్లి బంతిలో, ముద్దపప్పు మీద మూడో గరిటె నెయ్యి పడుతుండగా ప్రకటించారు: "కొలెస్ట్రాల్ అంతా మందుల కంపెనీల నాటకంరా, అసలు దొంగ ఇన్‌ఫ్లమేషన్, అదే ఒంట్లో వాపూ మంటా!" అందుకని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మానేసి, పొద్దున్నే పసుపు నీళ్లు తాగుతున్నారట. వడ్డించే కుర్రాణ్ణి ఆపి మరీ "నీ ఎల్‌డీఎల్ ఎంతరా?" అన్నారు, చెడ్డ కొలెస్ట్రాల్ అన్నమాట. "ఎప్పుడూ చూపించుకోలేదండీ." "అందుకే దుక్కలా ఉన్నావ్" అని దీవించి, నాలుగోది వేయించుకున్నారు.

చెప్పిందాంట్లో సగం నిజం ఉంది, అదే తంటా. రక్తనాళం గోడలోకి దూరిన ఎల్‌డీఎల్ అక్కడే చెడిపోతుంది, దాన్ని ఊడ్చేద్దామని వచ్చిన మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు మింగీ మింగీ నురగ కణాలై కదల్లేక కూలబడతాయి (బంతి లేచాక బాబాయిని చూశారుగా), కొలెస్ట్రాల్ స్ఫటికాలు వాటిలో అలారం మోగిస్తే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే మంట రాజేసే ప్రోటీన్ బయటికొచ్చి ఇంకో దండుని పిలుస్తుంది. అంటే ఈయన పట్టుకున్న దొంగకి తలుపు తీసింది ఈయన రద్దు చేసిన పెద్దమనిషే. 2017 నాటి కాంటోస్ అనే మందు ట్రయల్‌లో ఎల్‌డీఎల్ జోలికి పోకుండా ఆ బీటాని అణిచే మందిస్తే గుండెపోట్లు తగ్గాయి, నిజం. ఆ ట్రయల్‌లో చేరినవాళ్లలో నూటికి 90 మందికి పైగా కొలెస్ట్రాల్ మందు వాడుతూనే ఉన్నారన్న ముక్క మాత్రం బాబాయికొచ్చిన వాట్సాప్ ఫార్వర్డ్‌లో రాలేదు.

పక్కనే మా పిన్ని. ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్లవాపు జబ్బు, వేళ్లు వంగవు. ఒళ్లంతా వాపులున్నప్పుడు ఎల్‌డీఎల్ తక్కువొచ్చింది, "మీ పిన్నికేం, గుండె గట్టిది" అన్నారీయన. గట్టిదా? ఆ జబ్బు ముదిరితే ఎల్‌డీఎల్ పడిపోతుంది, మంచి కొలెస్ట్రాల్ కూడా తగ్గి పని మానేస్తుంది, గుండెకి ముప్పు మాత్రం పెరుగుతుంది. యూరప్ కీళ్ల డాక్టర్ల సంఘం ఇలాంటివాళ్ల ముప్పు లెక్కని 1.5తో హెచ్చించమంది. తర్వాత కీళ్ల మందు పడి, వాపు దిగి, ఎల్‌డీఎల్ కాస్త పెరిగింది. పెరుగుతుంది, మంట చల్లారింది కాబట్టి! స్టాటిన్ కావాలేమో డాక్టర్ని అడగాల్సింది పోయి "ఆ మందే ఒళ్లు పాడుచేసింది" అని కీళ్ల మందు మాన్పించారు. ఎవరయ్యా నువ్వు మాన్పించడానికి? మీ నాలుగు గరిటెలు మీ ఇష్టం, ఆవిడ మాత్ర మీద మీ పెత్తనమేంటి?

పిన్ని ఏమీ అనలేదు. లడ్డూ విరవలేక ఆకులో నా వైపు జరిపింది. వచ్చే సోమవారం డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తున్నా, బాబాయికి చెప్పకండి.