కోరలు పీకిన పామేం కాదు

పర్యావరణం మీద అదే మెసేజీ, నిన్నటితో నాలుగోసారి. మొదట పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత చుట్టాల గ్రూపులో, ఆనక అపార్ట్‌మెంట్ గ్రూపులో. చివరికి ఒక మిత్రుడు "నీకు ఇలాంటివి ఇష్టం కదరా" అంటూ విడిగా నాక్కూడా పంపాడు. ఇష్టమేరా నాయనా, నిజమైతే.

"ప్రజలారా మేలుకోండి" అని మొదలై "కనీసం 10 మందికి పంపండి" అని ముగిసే ఆ మెసేజీ సారం ఇదీ. పర్యావరణం మొత్తం ఢిల్లీ చేతిలో ఉంది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డు (పీసీబీ) కోరలు పీకిన పాము, ఫ్యాక్టరీ మూయించే అధికారం దానికి లేదు, ఫిర్యాదులు దండగ. ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తే ఒప్పుకున్నట్టే, అందుకని బహిష్కరించండి. బాటిల్లో నీళ్లు పట్టి మీరే ల్యాబుకిస్తే కోర్టులో అదే సాక్ష్యం. పీసీబీలో మనుషుల్లేరు, తనిఖీకి వచ్చేవాళ్లు ముందే ఫోన్ చేసి వస్తారు. మధ్యలో ఇంకో రెండు చిల్లర ముక్కలు.

చిల్లర ముందు తేల్చేద్దాం. "రెడ్ కేటగిరీ అంటే నిషేధించిన పరిశ్రమ" అట. కాదు. కాలుష్య సూచీలో బాగా ఎక్కువ మార్కులు పడితే రెడ్. సిమెంటూ రెడ్డే, బల్క్ డ్రగ్సూ రెడ్డే. నిషేధమే అయితే జ్వరమొచ్చినప్పుడు మింగిన బిళ్ల ఎక్కడి నుంచి వచ్చినట్టు? "పెరట్లో చెట్టు కొట్టాలన్నా ఢిల్లీ పర్మిషన్ కావాలి." అక్కర్లేదు, 2002లో వాల్టా చట్టం చేసింది మన అసెంబ్లీయే. అటవీ శాఖ ఆఫీసు దాకా వెళ్తే సరిపోతుంది, రైలెక్కనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. అంతా ఢిల్లీయే అన్నవాళ్లకు ఒక మాట: నీరు రాష్ట్రాల జాబితాలోది. రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి అడిగితేనే 1974లో పార్లమెంటు నీటి చట్టం చేయగలిగింది. భారీ ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి ఢిల్లీలో ఇస్తారు, ఒప్పుకుంటాను. కానీ ఆ కాగితం జేబులో ఉన్నంత మాత్రాన సరిపోదు. ఉత్పత్తి మొదలెట్టే ముందు సీఎఫ్ఓ, అంటే ఫ్యాక్టరీ నడిపేందుకు సమ్మతి, తీసుకోవాల్సింది రాష్ట్ర బోర్డు దగ్గరే.

మూయించే అధికారం లేదా? నీటి చట్టంలో 33ఏ, గాలి చట్టంలో 31ఏ సెక్షన్లు చూడండి. ఫ్యాక్టరీ మూసేయమని, కరెంటు, నీళ్లు ఆపేయమని బోర్డు నేరుగా ఆదేశించవచ్చు. ముందు కోర్టు మెట్లెక్కాల్సిన పని లేదు. జరిగిన నష్టానికి పరిహారం వసూలు చేసే అధికారం కూడా బోర్డులకు ఉందని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తేల్చింది.

ఉత్తుత్తి బోర్డు అనేవాళ్లకు శంషాబాద్ మండలం పెద్దషాపూర్ కథ గుర్తుందో లేదో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు వద్దని ప్రభుత్వమే 111 జీవో ఇచ్చింది. ఆముదం నూనె ఉత్పత్తుల కంపెనీ ఒకటి అడిగేసరికి, 1997లో ఆ ప్రభుత్వమే దానికి మినహాయింపునిచ్చింది. బోర్డు మాత్రం అనుమతి ఇవ్వనంది. అప్పీలులో ఓడింది, హైకోర్టులో ఓడింది, అయినా సుప్రీంకోర్టు దాకా పోయి 2000 డిసెంబరులో నెగ్గింది. ప్రమాదం లేదని నిరూపించాల్సిన బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిదేనని లాయర్లు ఇప్పటికీ ఆ కేసే చూపిస్తారు. ఉత్తుత్తి బోర్డు పనే అదంతా!

వీటికి నవ్వి ఊరుకోవచ్చు. ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లొద్దన్న మాట చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. ఇది రాసినవాడు అమాయకుడో, కంపెనీ మనిషో తెలియదు. ఎవరైనా, దొంగ చేతికి తాళాలివ్వమనే చెబుతున్నాడు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు కోరం లేదు. మీరు రాకపోతే సభ ఆగదు. కంపెనీ బస్సుల్లో తెచ్చిన జనం ముందు వరసలో కూర్చుంటారు, "మా ఊరికి ఉద్యోగాలు కావాలి" అని నలుగురు మైకులో చెప్తారు, పీసీబీ మనిషి అదే రాసుకుంటాడు. ఢిల్లీకి వెళ్లేది ఆ కాగితమే. మీ బహిష్కరణ గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. హాజరు పట్టీలో సంతకం పెడితే ఒప్పుకున్నట్టేనట! పెళ్లిలో చదివింపుల పుస్తకంలో పేరు రాయించుకున్న ప్రతివాడూ పెళ్లికొడుకేనా?

చేయాల్సింది ఇదీ. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు వస్తుంది. ఈఐఏ నివేదిక ముసాయిదా కలెక్టరేటులో, జిల్లా పరిషత్తులో, పీసీబీ ఆఫీసులో చూడొచ్చు. సారాంశం తెలుగులోనూ ఉండాలి, లేకపోతే అదే మొదటి అభ్యంతరం. రోజుకెన్ని కిలోలీటర్ల నీళ్లు, ఏ వాగు నుంచి, వాడిన నీళ్లు ఎటు పోతాయి అని ఆ పేజీ నంబరు చెప్పి అడగండి. సభకు రాలేకపోతే రాసి పంపండి. సభ ఆఖర్లో అందరూ షామియానా కింద నుంచి లేచి చెప్పులు వెతుక్కునే వేళకు మినిట్స్ తెలుగులో చదువుతారు. అప్పుడు కూర్చోండి. మీ మాట లేకపోతే చేయెత్తి రాయించండి, ఎందుకంటే కలెక్టరో, ఆయన తరఫున వచ్చిన అధికారో ఆ రోజే సంతకం చేసేస్తారు. ఇది ఓటింగు కాదు, ఊరంతా వద్దన్నంత మాత్రాన ప్రాజెక్టు ఆగిపోదు. కానీ రికార్డుకెక్కిన ప్రతి అభ్యంతరానికీ తుది నివేదికలో కంపెనీ జవాబు రాయాలి. తర్వాత ఎన్జీటీలో (జాతీయ హరిత ట్రిబ్యునల్) మీ చేతిలో ఉండేది ఆ రికార్డే.

బాటిల్ సంగతీ ఇలాంటిదే. పట్టండి, ఫొటో తీయండి, ఫిర్యాదుకు జతచేయండి. అదే సాక్ష్యం అనుకుంటే అవతలి లాయరు ఒక్క ప్రశ్న వేస్తాడు: ఎక్కడ పట్టావు, ఎవరు చూశారు? బోర్డు వాళ్లు తీసే పద్ధతి వేరు. యాజమాన్యానికి నోటీసిచ్చి, వాళ్ల మనిషి ఎదుటే పట్టి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు చేస్తారు. ఇందులో ఏది తప్పినా ఆ రిపోర్టు చెల్లదని చట్టంలోనే ఉంది. అందుకే ఫిర్యాదు చేసి వాళ్లను రప్పించడం దండగ పని కాదు.

ఇక ఆ ఆఖరి పాయింటు, మనుషుల్లేరు, ఫోన్ చేసి వస్తారు అన్నది. దీనికి నా దగ్గర జవాబు లేదు. దేశమంతటా బోర్డుల్లో దాదాపు సగం పోస్టులు ఖాళీ. 2007లో పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు కనిపించింది. 2020 మే 7న విశాఖలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ విషవాయువు లీకై 12 మంది చనిపోయాక తేలిందేమిటి? ఆ ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతే లేదు. దాన్ని నడవనిచ్చినవాళ్లెవరో గుర్తించి చర్య తీసుకోమని ఎన్జీటీ రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి చెప్పాల్సి వచ్చింది. అక్కడ అధికారం లేక కాదు. ఉండీ వాడలేదు. "పాపం, వాళ్ల చేతిలో ఏమీ లేదు" అని మెసేజీ వాళ్లను వెనకేసుకొస్తుంటే నాకు మండేది అందుకే.

నేనూ ఒకసారి ఫిర్యాదు చేశాను. వాగు ఎర్రగా పారిన ఎనిమిదో రోజున వచ్చారు, అప్పటికి ఒక వాన పడి నీళ్లు తేటగా ఉన్నాయి. "ఏం లేదు కదండీ" అన్నాడాయన, నిజాయితీగానే. రెండోసారి ఏ గంటకు రంగు మారుతోందో రాసిపెట్టి, రాత్రి పూటే రమ్మన్నాను. వచ్చారు, శాంపిల్ తీశారు.

ఆ ఆఖరి పాయింటు ఒక్కటీ ఎవరైనా విడిగా పంపితే నేనూ ఫార్వర్డ్ చేస్తాను.