విరాళంతో పాటు కొనుగోలు కూడా కావాలి

అద్దె భారంతో మూతపడే స్థితికి చేరిన స్వతంత్ర ఎల్జీబీటీ పుస్తకశాలను కాపాడుకోవడానికి పాఠకులు విరాళాలు ఇవ్వాలన్న వ్యాసకర్త విజ్ఞప్తిని పూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే విరాళం ఒక గండం గట్టెక్కిస్తుందే తప్ప ప్రతి నెలా కట్టవలసిన అద్దెకు సరిపోదు. లండన్‌లో 1979లో ప్రారంభమైన గేస్ ది వర్డ్ అనే ఎల్జీబీటీ పుస్తకశాలపై 1984లో కస్టమ్స్ అధికారులు దాడి చేసి, దిగుమతి చేసుకున్న పుస్తకాలను పెద్ద ఎత్తున పట్టుకుపోయి, డైరెక్టర్లపై కేసు పెట్టినప్పుడు, పాఠకులూ రచయితలూ న్యాయపోరాటానికి నిధి సమకూర్చారు. 1986లో ఆ కేసును ఉపసంహరించుకున్నారు. అక్కడ ప్రత్యర్థి కంటికి కనిపించాడు కనుక జనం కదిలారు. ఇక్కడి ప్రత్యర్థి అయిన ఆన్‌లైన్ తగ్గింపు ధర అలా కనిపించదు. దుకాణంలో అరగంట నిలబడి, పుటలు తిరగేసి, అమ్మే వ్యక్తి సలహా కూడా తీసుకుని, చివరకు అట్టను ఫొటో తీసుకుని వెళ్లి ఫోనులో ఆర్డరు పెట్టేవారిలో (నిష్ఠూరమైనా చెప్పక తప్పదు) ఆ దుకాణం అభిమానులమని చెప్పుకునేవారూ ఉంటారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జియోవనీస్ రూమ్ అనే ఎల్జీబీటీ పుస్తకశాల 2014లో మూతపడినా, అదే ఏడాది ఒక సేవాసంస్థ నడిపే పాత వస్తువుల దుకాణం దానిని చేపట్టి తిరిగి తెరిచింది. అటువంటి ఏర్పాటును ఇక్కడి యాజమాన్యం కూడా పరిశీలించవచ్చు. ఈలోగా పాఠక బృందాలు తాము చదవబోయే పుస్తకాన్ని ముందుగా డబ్బు చెల్లించి ఈ దుకాణం ద్వారానే తెప్పించుకుంటే, ఎన్ని ప్రతులు కావాలో యాజమాన్యానికి ముందే తెలుస్తుంది, అమ్ముడుపోని సరుకులో పెట్టుబడి చిక్కుకోదు.